మా తాతలకు పుట్టినరోజుల్లేవు

మా తాతలు ఏ రోజు పుట్టారో మాకు తెలీదు. ఈ మాట చెప్పడానికి మేం సిగ్గుపడటం లేదు. ఎప్పుడు పుట్టారని అడిగితే మా ఇళ్లల్లో వచ్చే జవాబులు వేరే రకంగా ఉంటాయి. ముత్తాత ధాత కరువు నాటికి పాలు తాగే పిల్లాడట. నానీ మూసీ పొంగిన ఏడాది పుట్టిందట. దాదాకి పోలీస్ యాక్షన్ నాటికి నూనూగు మీసాలట. పీర్లు లేచిన రాత్రి పుట్టాడు కాబట్టి పీరా సాహెబ్ అని పేరు పెట్టారట.

చరిత్ర రాసేవాడు ఈ జవాబులు విని పెన్ను మూసేస్తాడు. ఆఫీసులో గుమాస్తా ఫారం వెనక్కి ఇచ్చేస్తాడు. ఇద్దరికీ కావలసినవి మూడు గళ్లు: తేదీ, నెల, సంవత్సరం. ఆ గళ్లు ఖాళీగా ఉన్నవాడి విషయంలో ‘ఎప్పుడు పుట్టాడు’ అన్న ప్రశ్న మెల్లమెల్లగా ‘ఇక్కడే పుట్టాడా’ అన్న ప్రశ్నగా మారిపోతుంది. వేరేవాళ్లకు ఇది వంశవృక్షం గీసుకునేటప్పుడు ఎదురయ్యే చిన్న చిక్కు కావచ్చు. మాకు అది బతుకు ప్రశ్న. అందుకే ఆ గళ్లు ఎందుకు ఖాళీగా ఉన్నాయో మేమే చెప్పుకోవాలి.

మొదట మా వాళ్ల జవాబులనే చూద్దాం. అవి అజ్ఞానం కాదు, ఒక లెక్క. ధాత కరువంటే 1876–77. మూసీ పొంగింది 1908 సెప్టెంబరు 28న. పోలీస్ యాక్షన్ 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. ఊరంతా కలిసి అనుభవించిన సంఘటనకు మనిషి వయసును ముడివేసి గుర్తుపెట్టుకోవడం చదువు రాని సమాజాలన్నీ చేసిన పనే. ముస్లింలకు ఇది మరీ కొత్త కాదు. ప్రవక్త (స) పుట్టిన ఏడాదిని అరబ్బులు అంకెతో గుర్తుపెట్టుకోలేదు. మక్కా మీదికి ఏనుగుతో సైన్యం వచ్చిన ఏడాది కాబట్టి ‘ఏనుగు సంవత్సరం’ అన్నారు. తేదీ విషయంలో ఈనాటికీ ఒకే మాట లేదు. ఎక్కువమంది రబీవుల్ అవ్వల్ 12 అంటారు, షియాలు 17 అంటారు. ఖలీఫా ఉమర్ కాలంలో శకం ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ప్రవక్త పుట్టుకను తీసుకోలేదు, మక్కా నుంచి మదీనాకు వలస వెళ్లిన ఏడాదిని తీసుకున్నారు. అదే హిజ్రీ శకం. పుట్టినరోజు తెలియకపోవడం ఎవరికీ లోటు కాలేదు.

సంఘటనతో ముడిపెట్టిన లెక్కలో తప్పులుంటాయి. ‘కరువు నాటికి’ అంటే కరువుకు ముందా, నడుమనా, తర్వాతా? పైగా తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. ధాత 1876లో వచ్చింది, 1936లో వచ్చింది, 1996లోనూ వచ్చింది. పల్లెల్లో మా వాళ్లు ఇరుగుపొరుగు రైతులతోపాటు ఈ పేర్లే వాడారు. దూదేకుల ఇళ్లల్లో అయితే చాలాచోట్ల ఇంటి భాషే తెలుగు. కాబట్టి ‘ధాతలో పుట్టాడు’ అన్న మాట ఒక్కటే దొరికితే అది తాత సంగతో ముత్తాత సంగతో మిగతా బంధుత్వాలతో సరిచూసుకోవాల్సిందే.

ఇంక క్యాలెండర్ల సంగతి. మా పూర్వీకులు ఒకే సమయంలో మూడు నాలుగు క్యాలెండర్లలో బతికారు. నమాజుకు, ఉపవాసానికి, పండుగకు హిజ్రీ. శిస్తుకు ఫస్లీ. విత్తనానికి, కోతకు కార్తెలు, తెలుగు నెలలు. కోర్టుకు, రైలుకు ఇంగ్లీషు తేదీ.

హిజ్రీ సంవత్సరం చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది. అందులో 354 లేదా 355 రోజులుంటాయి. అంటే ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకొస్తూ ముప్ఫయిమూడేళ్లలో రుతువులన్నీ తిరిగేస్తుంది. రంజాన్‌లు లెక్కపెట్టుకుని అరవయ్యారేళ్లు చెప్పిన ముసలమ్మకు ఇంగ్లీషు లెక్కలో అరవై నాలుగేళ్లే. ఆమె అబద్ధం చెప్పలేదు, రాసుకున్నవాడూ తప్పు రాయలేదు. లెక్కలే వేరు. రోజు మొదలయ్యే వేళ కూడా వేరే. గురువారం సూర్యాస్తమయమైతే మాకు జుమ్మా రాత్రి మొదలైనట్టే. ఆ రాత్రి పది గంటలకు పుట్టిన బిడ్డ మాకు శుక్రవారం బిడ్డ, ఇంగ్లీషు తేదీకి గురువారం బిడ్డ. తెల్లవారుజామున మూడింటికి పుడితే మాకూ ఇంగ్లీషుకూ శుక్రవారమే, సూర్యోదయంతో రోజును మొదలుపెట్టే పంచాంగానికి మాత్రం ఇంకా గురువారమే. చంద్రుడు కనపడటంలో తేడా వస్తే ఊరికీ ఊరికీ మధ్య తేదీ కూడా ఒకరోజు మారుతుంది.

ఫస్లీ కథ ఇంకొకటి. ఫస్ల్ అంటే పంట. చంద్రుడి లెక్కతో శిస్తు వసూలు చేస్తే కోతకు ముందే గడువు వచ్చేస్తుంది. అందుకని మొఘలుల కాలంలో శిస్తు కోసం సూర్యుణ్ణి బట్టి నడిచే ఈ లెక్క పెట్టారు. దక్కన్ ఫస్లీకి 590 కలిపితే ఆ ఏడాది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అయితే మద్రాసు ప్రెసిడెన్సీలో ఫస్లీ జూలై 1న మొదలయ్యేది. నిజాం రాజ్యంలో ఆజుర్ నెలతో, అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. కృష్ణకు అవతల ఒక ఫస్లీ, ఇవతల ఒక ఫస్లీ. అంకె ఒకటే, నెలలు వేరు.

ఇప్పుడు పాత పెట్టెలో ఒక కాగితం దొరికిందనుకుందాం. ‘సన్ 1333’ అని ఉంది, శకం పేరు లేదు. ఫస్లీ అయితే 1923–24. హిజ్రీ అయితే 1914–15. ఒక్క మాట రాయకపోవడం వల్ల మనిషి వయసు తొమ్మిదేళ్లు అటూ ఇటూ అవుతుంది. మనవడు ఇంటర్నెట్‌లో హిజ్రీని మార్చే పట్టిక చూసి 1914 అని వంశవృక్షంలో రాసేస్తాడు. అక్కడి నుంచి అది అందరి నోటా నిజమైపోతుంది. కాగితం దొరికినంత మాత్రాన తేదీ దొరికినట్టు కాదు.

మా సంప్రదాయంలోనే మరో కారణముంది. మేం పుట్టుక కంటే చావునే ఎక్కువ గుర్తుపెట్టుకున్నాం. వలీల దర్గాల దగ్గర జరిగే ఉర్సు వాళ్లు కన్నుమూసిన రోజు. ఇంట్లో బర్సీ, ఫాతెహా కూడా చనిపోయిన తేదీకే చేస్తాం. అందుకే దాదా షాబాన్ నెల ఎన్నో చాందుకు పోయాడో ఇంటావిడ ఠక్కున చెబుతుంది. ఏటా వంట చేసింది ఆవిడే కదా. ఏ ఏడాది అంటే ఆలోచిస్తుంది. ఎప్పుడు పుట్టాడంటే నవ్వుతుంది. సమాధి మీద చూద్దామంటే మా ఖబరస్తాన్లలో ఎక్కువ సమాధులు మట్టికుప్పలే. రాయి పెట్టి రాయించడాన్ని మత పెద్దలు చాలామంది మెచ్చుకోలేదు, మెచ్చుకున్నా రాయించే స్తోమతు మా వాళ్లకు లేదు.

స్తోమతు ఉన్నవాళ్ల సంగతి వేరు. ముస్లింలంతా ఒక్కటే అన్న మాటను ఇక్కడ కూడా అనుమానించాల్సిందే. నవాబుల ఇళ్లల్లో, విద్వాంసుల ఇళ్లల్లో తేదీలున్నాయి. అక్షరాలకు అంకెలిచ్చే అబ్జద్ లెక్క మీద ‘తారీఖ్’ కట్టించుకున్నారు. అంటే ఒక వాక్యంలోని అక్షరాల విలువలు కూడితే పుట్టిన ఏడో చనిపోయిన ఏడో వచ్చేలా కవి చేత రాయించుకోవడం. ఆటోల మీద, షాపుల మీద మనం చూసే 786 కూడా బిస్మిల్లా వాక్యానికి అదే లెక్కలో వచ్చే అంకె. ఆ ఇళ్లల్లో బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండితే బిస్మిల్లా వేడుక చేసేవాళ్లు. రోజుతో సహా వయసు తెలియకుండా ఆ వేడుక చెయ్యలేరు. సయ్యద్ కుటుంబాలకు శజరాలున్నాయి. వాటిలో తండ్రి పేరు తర్వాత తండ్రి పేరు వరుసగా ప్రవక్త దాకా పోతుంది. అందులోనూ చాలాచోట్ల పేర్లే ఉంటాయి, తేదీలుండవు, ఆడవాళ్లుండరు. మరి దూది ఏకిన దూదేకులకు, మాంసం కొట్టే కసాబులకు, ఊరూరా తిరిగే ఫకీర్లకు ఎవరు శజరా రాశారు? పక్క వీధిలో జాతకచక్రం వేయించుకున్న ఇల్లుంది, తిథి నక్షత్రం ఘడియతో సహా రాసి దాచుకున్న ఇల్లుంది. మాకూ, మాదిగ వాడకూ, చాకలి ఇంటికీ ఆ కాగితం లేదు. ఈ ఖాళీ మతం గీసింది మాత్రమే కాదు. కులం గీసింది, పేదరికం గీసింది.

ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. చాలామంది ఆడవాళ్లు కాగితం మీదికి మొదటిసారి వచ్చింది నిఖానామాతోనే. ఖాజీ సాబ్ అడిగిన వయసుకు జవాబు చెప్పింది ఆమె కాదు, పెద్దలు. బ్రిటిష్ ఇండియాలో 1929 శారదా చట్టం 1930 ఏప్రిల్ నుంచి అమలయ్యాక ఆడపిల్లకు 14 ఏళ్లుండాలన్నారు. 1949లో 15 అన్నారు, 1978లో 18 చేశారు. చట్టం అడిగిన వయసు కాగితం మీదికి ఎక్కడం ఏ మతంలోనైనా జరిగిందే. కాబట్టి నిఖానామాలో వయసు చూసి వెనక్కి లెక్క వేసేవాళ్లు, ఆ ఏడు చట్టం ఏం అడుగుతోందో కూడా చూడాలి.

మరి సర్కారు రాయలేదా? రాసింది. తనకు కావలసింది రాసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఏర్పడ్డ ఇనాం కమిషన్ మసీదు ఇనాములూ ఖాజీ ఇనాములూ విచారించి, అనుభవిస్తున్నవాడి పేరు పక్కన వయసు రాయించింది. వయసే, పుట్టినతేదీ కాదు. దాని పని భూమితో. భూమి లేనివాడు ఆ రిజిస్టరులో లేడు. 1881 నుంచి పదేళ్లకోసారి జనాభా లెక్కలు జరిగాయి. ఆ పట్టికల్లో సున్నాతో, అయిదుతో ముగిసే వయసుల దగ్గర జనం గుట్టలుగా కనిపిస్తారు. ముప్ఫయి ఏళ్లవాళ్లు ఎక్కువ, ముప్ఫయి ఒకటివాళ్లు తక్కువ. చెప్పేవాడూ రాసేవాడూ కలిసి గుండ్రం చేసిన అంకెలవి. ఇది దేశమంతటి సంగతి, అన్ని మతాల సంగతి. ఆ పొరపాటును కొలవడానికి జనాభా శాస్త్రంలో సూత్రాలే ఉన్నాయి.

జనన మరణాల రిజిస్టర్లు లేకపోలేదు. 1886లో దేశం మొత్తానికి ఒక చట్టం వచ్చింది, ఇష్టమైనవాళ్లు నమోదు చేసుకోవచ్చంది. మద్రాసు ప్రెసిడెన్సీ 1899లో సొంత చట్టం చేసింది. ఊళ్లో రాసే పని మునసబుది. తెలంగాణలో పోలీసు పటేలుది. బిడ్డ పుట్టిన ఒకటి రెండు రోజుల్లో రాస్తే అప్పటికి పేరుండదు. మాలో పేరు పెట్టేది సాధారణంగా ఏడో రోజు అఖీఖా నాడు. అందుకే ‘షేక్ మస్తాన్ కొడుకు, మగ’ అని రాసి ఊరుకున్నారు. ఒకే ఊళ్లో నలుగురు షేక్ మస్తాన్లుంటే ఆ మగబిడ్డ ఎవరి తాత? షేక్, సయ్యద్, పఠాన్ అనేవి ఇంటిపేర్లలా రాశారు గానీ అవి ఒక ఇంటిని గుర్తుపట్టే పేర్లు కావు. పేరును బట్టి మతాన్ని కూడా చెప్పలేం. గూగూడు కుళ్ళాయిస్వామి మొక్కుతో పుట్టిన కుళ్ళాయప్పలు హిందువుల్లోనూ ఉన్నారు, మాలోనూ ఉన్నారు. జనన నమోదు దేశమంతటా తప్పనిసరి అయింది 1969 చట్టంతోనే. ఆ చట్టం 1970 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే స్వతంత్రం వచ్చిన ఇరవై ఏళ్లకు కూడా ఈ దేశం తన బిడ్డలందరి పుట్టుకను రాసుకోవాలని గట్టిగా అనుకోలేదు. 1984లో గ్రామాధికారుల పదవులు రద్దయి దస్తరాలు చేతులు మారాయి. ఆ చేతులు మారడంలో పోయిన పుస్తకాలకు మా తాతలు జవాబుదారులా?

తెలంగాణలో రాసి ఉన్న కాగితాలకు కూడా మనవలు దూరమయ్యారు. 1880ల్లో పారశీకం స్థానంలో ఉర్దూ నిజాం రాజ్యపు దఫ్తర్ల భాష అయింది. 1956 తర్వాత దఫ్తర్లలో ఆ భాష పక్కకు పోయింది. ఇంట్లో ఉన్న ఉర్దూ కాగితాన్ని తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడు తావీజులాగా కళ్లకద్దుకుంటాడు గానీ చదవలేడు. ఇక 1948. పోలీస్ యాక్షన్ సమయంలోనూ తర్వాతా హైదరాబాద్ రాజ్యంలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతిన్నాయని చెప్పింది. పిల్లల్ని చంకనేసుకుని పట్నానికి పరుగెత్తినవాళ్లు పెట్టెలు మోసుకుని రాలేదు.

అట్లా తేదీ లేకుండా సాగిన బతుకులకు తేదీ ఎక్కడ దొరికింది? బళ్లో దొరికింది. కుడిచెయ్యి నెత్తిమీదుగా తిప్పి ఎడమచెవి అందుకోమన్నారు. అందితే అయిదేళ్లు నిండినట్టు. అక్కడి నుంచి వెనక్కి లెక్కేసి పంతులుగారు జూన్ ఒకటో జూలై ఒకటో వేశారు. అందుకే ఒక తరంలో సగం ఊరు జూలై 1న పుట్టింది. ఇందులో పంతులు తప్పేమీ లేదు. సంవత్సరం మాత్రమే తెలిస్తే జూలై 1 అనుకోవాలనీ, నెల కూడా తెలిస్తే 16వ తేదీ అనుకోవాలనీ ప్రభుత్వ కొలువుల నిబంధనల్లోనే ఉంది. సర్కారు తెలిసి తెలిసీ ఒప్పుకున్న ఊహ అది. మెట్రిక్ సర్టిఫికెట్ మీదికి ఎక్కాక ఆ ఊహే సాక్ష్యమైంది.

ఇప్పుడు ఆ సాక్ష్యాన్ని ఏ చట్టం ముందు పెడుతున్నారో చూడండి. పౌరసత్వ చట్టం ప్రకారం 1987 జూలై 1కి ముందు ఇక్కడ పుట్టినవాళ్లు పుట్టుకతోనే పౌరులు. ఆ రోజునా ఆ తర్వాతా పుట్టినవాళ్లకు తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి నిబంధన ఇంకా బిగిసింది. అంటే చలికాలంలో పుట్టిన బిడ్డకు బళ్లో 1987 జూలై 1 వేసి ఉంటే, ఆ ఒక్క గీత వల్ల ఆ బిడ్డ గట్టుకు అవతల పడతాడు. ఇప్పుడు తల్లిదండ్రుల కాగితం తేవాలి. ఆ తల్లిదండ్రులు ధాత కరువు లెక్కలో పుట్టినవాళ్ల మనవలు. 2025లో బీహారులో మొదలైన ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణలో కూడా ఇదే 1987 జూలై 1ని గీతగా పెట్టారు. అస్సాంలో 2019 ఆగస్టు 31న వెలువడిన పౌర పట్టికలో 19 లక్షలకు పైగా మనుషుల పేర్లు లేవు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. ఆ డిసెంబరులోనే వచ్చిన పౌరసత్వ సవరణ చట్టం మూడు పొరుగు దేశాల నుంచి వచ్చిన ఆరు మతాలవాళ్లకు దారి తెరిచింది. ఆ ఆరింటిలో ఇస్లాం లేదు. 2020 జనాభా పట్టికలో తల్లిదండ్రుల పుట్టినతేదీ, పుట్టిన చోటు అడగాలనుకున్నారు. తేదీ తెలియనివాళ్లకు గుర్తుచేయడానికి సూచనల పుస్తకంలో పండుగల జాబితా ఇచ్చారు. అందులో ముస్లిం పండుగలు లేవు. రుతువులతోపాటు నడవని పండుగ కాబట్టి నెల పట్టుకోవడానికి పనికిరాదని ఎవరైనా అనొచ్చు. అయితే మా తల్లి తన కాన్పును గుర్తుపెట్టుకున్నది ఆ పండుగతోనే. ఆమెను ఇంకే పండుగతో అడుగుతారు? ఆ లెక్క అప్పట్లో జరగలేదు. 2020 మార్చిలో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం కూడా చేసింది. కానీ అడగాలనుకున్న ప్రశ్న మా గుండెల్లో మిగిలే ఉంది.

సెక్యులర్ మిత్రులు ‘అందరికీ ఇదే ఇబ్బంది కదా’ అంటారు. నిజమే, తేదీ లేకపోవడం అందరి ఇబ్బందే. దళితుడికీ గిరిజనుడికీ ఆ గళ్లు ఖాళీయే. అయితే ఖాళీ గడిని చూసి ‘నువ్వు ఎక్కడి నుంచి వచ్చావ్’ అని అడిగేది మమ్మల్ని. ఈ తేడాను గుర్తించమనే మేం అడుగుతున్నాం.

మావాళ్లకు చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. తాతకు తేదీ లేదని భయపడి ఒక తేదీ పుట్టించకండి. రేపు రెండు కాగితాల్లో రెండు తేదీలుంటే దొంగ కాగితమంటారు. కుటుంబ చరిత్ర రాసుకునేటప్పుడు ‘1905కీ 1910కీ మధ్య’ అని రాయండి, అది తప్పు కాదు. ఆ మాట ఎవరు చెప్పారో, ఏ కాగితంలో ఉందో, ఆ కాగితంలో శకం ఫస్లీయో హిజ్రీయో పక్కన రాయండి. బడి తేదీ అయితే బడి తేదీ అని రాయండి. అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఎవరి తర్వాత ఎవరో రాయండి. తేదీలు తెలియని ఇంట్లో ఆ వరుసే గట్టి ఆధారం. ఉర్దూ కాగితాలను చదవగలిగిన పెద్దలు ఇంకా ఉండగానే చదివించుకోండి. నానీలను, అవ్వలను ముందు అడగండి. పుట్టిన బిడ్డలకు మాత్రం ఇరవయ్యొక్క రోజుల్లోపల నమోదు చేయించండి. 2023 సవరణ వచ్చాక, ఆ ఏడు అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడికీ ఓటుకూ పాస్‌పోర్టుకూ పుట్టినతేదీ రుజువు జనన ధ్రువపత్రమే. బిడ్డ పేరు అన్ని కాగితాల్లో ఒకే స్పెల్లింగుతో ఉండేట్టు చూసుకోండి.

సర్కారుకు చెప్పేది ఒకటే. 1970 దాకా మీరు అందరినీ రాసుకోలేదు. రాసినవాటిలో పేర్లు లేవు, రాసిన పుస్తకాలు కొన్ని పోయాయి, మిగిలిన తేదీల్లో ఎన్నో మీ నిబంధనల ప్రకారమే ఊహించినవి. ఆ రిజిస్టర్ల చరిత్ర చదువుకున్నాక మా తాత పుట్టినతేదీ అడగండి. అప్పుడు మేం ధాత కరువు నుంచి మొదలుపెట్టి చెబుతాం. రాసుకోండి.